రైలు రాని స్టేషను

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాల రెండవనాటి సభలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల చరిత్రను గురించి నిన్నటి సభలో పెద్దలు సవిస్తరంగా మాట్లాడారు. నన్ను మీకు నచ్చిన విషయం ఎంచుకోమన్నారు. సాంఘిక శాస్త్రం బోధించే దానిని కనుక నాకు నచ్చే విషయాలు పిల్లలకు అంతగా నచ్చవని నాకు తెలుసు. అయినా ఈ రోజు రైలు స్టేషన్ల గురించి, ముఖ్యంగా రైలు రావడం మానేసిన స్టేషను గురించి మాట్లాడదలచుకున్నాను. జూబ్లీ సభలో ఈ ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఉత్సవాల సన్నాహంలో భాగంగా పాత ప్రవేశ పుస్తకాలను బీరువాలోనుంచి తీసి దుమ్ము దులిపించాము. తొలినాటి పుటల్లో ‘తండ్రి వృత్తి’ అన్న గడిలో మళ్ళీ మళ్ళీ కనిపించిన మాట ‘రైల్వే’. గ్యాంగుమన్ను, పాయింట్సుమన్ను, పోర్టరు, గుమాస్తా. ‘స్వస్థలం’ అన్న గడిలో వికారాబాదు, కోహీరు, జహీరాబాదు. కన్నడ, ఉర్దూ, మరాఠీ వినిపించే బీదరులో తెలుగు చదువుకు పిల్లలు ఎక్కడినుంచి వచ్చారన్న ప్రశ్నకు ఆ పుస్తకంలో జవాబు ఉంది. వారిలో చాలామందిని మన బడికి చేర్చింది రైలు.

కాబట్టి ముందు ఆ రైలు సంగతి చెప్పుకుందాం.

బొంబాయి, మద్రాసు నగరాలను కలిపే ప్రధాన మార్గం 1871లో పూర్తి అయింది. అది హైదరాబాదు నగరాన్ని తాకకుండా దక్షిణంగా సాగిపోయింది. ఆ మార్గం మీది వాడి నుంచి సికింద్రాబాదు వరకు నిజాం ప్రభుత్వం తన ధనంతో ఒక శాఖను వేయించగా, 1874లో దానిమీద రైళ్లు నడిచాయి. మన వికారాబాదు ఆ శాఖ మీదిదే. 1883లో లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పెట్టుబడి పెట్టినవారికి వడ్డీ ముట్టుతుందని నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది కనుకనే పేరులో ఆ ‘గ్యారంటీడ్’ అన్న మాట. లాభం కంపెనీది, నష్టభయం ఖజానాది. ఆ సంవత్సరమే చాందా రైల్వే ప్రతిపాదన షరతులను బహిరంగంగా ప్రశ్నించినందుకు అఘోరనాథ చట్టోపాధ్యాయను హైదరాబాదు నుంచి బహిష్కరించారు. ఆయన సరోజినీ నాయుడి తండ్రి, హైదరాబాదులో ఆధునిక విద్యకు పునాది వేసిన ఉపాధ్యాయుడు. రైలు మార్గం ఎవరి కోసం, ఎవరి ఖర్చుతో అని మన ప్రాంతంలో మొదట అడిగిన వారిలో ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడని చెప్పుకోవడం నాకు, నా సహోపాధ్యాయులకు కొంత గర్వకారణం.

ఆ కంపెనీ మార్గం 1889 నాటికి బెజవాడ చేరింది. 1930లో నిజాం ప్రభుత్వమే కంపెనీని స్వాధీనం చేసుకుంది. ఇంచుమించు ఆ రోజులలోనే వికారాబాదు నుంచి బీదరుకు, ఆ తరువాత భాల్కి, ఉద్గీరు మీదుగా పర్లి వైద్యనాథం వరకు బ్రాడ్‌గేజి మార్గం ఏర్పడింది. మన పాఠశాల పుట్టిన కాలానికి నిజాం రైల్వే కథ ముగింపుకు వచ్చింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు మన మార్గం దానిలోకి వచ్చింది.

ఈ మధ్యలో 1956 వచ్చింది. ఆ నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. మన జిల్లా కూడా మూడు ముక్కలైంది. అహ్మదుపూరు, నిలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. జహీరాబాదు తాలూకా, నారాయణఖేడు తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. విభజన ఎంత సూక్ష్మంగా జరిగిందంటే, జహీరాబాదు తాలూకాలో నిర్ణా సర్కిలును మాత్రం ఇటు ఉంచి, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలును అటు ఇచ్చారు. మిగిలిన బీదరు మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు 1973లో వచ్చింది. భాషల లెక్క ప్రకారం అది న్యాయమైన విభజనే కావచ్చు. కాని పెళ్లి సంబంధాలు, సంతలు, బడులు సర్కిళ్ల హద్దులు చూసుకుని ఏర్పడవు కదా!

హద్దులు మారాయి గాని పట్టాలు అంగుళం కదలలేదు. ఈ సంగతి నేను తరగతిలో పటం వేసి చూపిస్తూ ఉంటాను. వికారాబాదులో ఎక్కి ఉద్గీరులో దిగేవారు స్టేషను బోర్డులను చూస్తూ పోతే చాలు. జహీరాబాదు దాకా పైన తెలుగు అక్షరాలు, బీదరు, భాల్కిలలో కన్నడ, ఉద్గీరులో మరాఠీ. రాష్ట్రం ఏదైనా రైలు సికింద్రాబాదు డివిజనుదే. రాజధాని బెంగుళూరుకు మారినా మన స్టేషను మాస్టరుకు ఆజ్ఞలు సికింద్రాబాదు నుంచే వచ్చాయి. హద్దుకు ఇవతల మిగిలిన తెలుగు కుటుంబాలకు హద్దు అవతలి తెలుగుతో సంబంధం తెగకుండా నిలిపిన వాటిలో ఈ మార్గం ఒకటి.

ఇప్పుడు చిన్న స్టేషను సంగతి. మన పిల్లలకు స్టేషను అంటే టికెట్లు అమ్మే చోటు. కాని ఒంటి లైను మీద పల్లె స్టేషను పుట్టింది ప్రధానంగా టికెట్ల కోసం కాదు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఒకదానినొకటి దాటాలంటే నడుమ నడుమ అదనపు పట్టా ఉన్న చోటు కావాలి. ఆ దాటింపు కోసం కొన్ని మైళ్లకొక స్టేషను. అక్కడ ఒక మాస్టరు, ఒక పాయింట్సుమన్ను, ఒక ఇనుప యంత్రం. ఆ యంత్రంలో ఇనుప గోళాలు ఉండేవి. వాటిని టోకెన్లంటారు. రెండు పొరుగు స్టేషన్ల యంత్రాలను విద్యుత్తీగతో కలిపేవారు. అవతలి మాస్టరు అనుమతిస్తేనే ఇవతల ఒక గోళం బయటికి వస్తుంది. అది ఈ రెండు యంత్రాలలో ఏదో ఒక దానిలో తిరిగి పడేదాకా రెండవ గోళం రాదు. గోళం చేతిలో లేనిదే డ్రైవరు బండి కదపరాదు. వెదురు వలయానికి కట్టిన సంచిలో ఆ గోళాన్ని పెట్టి, ఆగని బండికి పాయింట్సుమన్ను చేతితో అందించడం మీలో పెద్దవారు చూసే ఉంటారు. ఇద్దరు మాస్టర్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఒకరి మాట మీద ఒకరు ఆధారపడి వందలమంది ప్రాణాలు కాచేవారు. మా తొమ్మిదవ తరగతి పిల్లలకు ఇది చెప్పినప్పుడు ఒక అమ్మాయి, “మరి ఇద్దరికీ భాష కలవకపోతే ఎట్లా టీచర్?” అని అడిగింది. గంటల మోతలతోనే సంకేతాలు ఇచ్చుకునేవారని చెప్పాను. ఆ ప్రశ్న మాత్రం బీదరు పిల్లకే తడుతుంది.

స్టేషను ఉన్నచోటికి మిగిలినవన్నీ వచ్చి చేరాయి. ఆవిరి ఇంజనుకు నీళ్లు కావాలి కనుక కొన్ని చోట్ల పెద్ద తొట్టి, బావి. సరుకు దింపుకోవడానికి గోదాము. తంతి. పార్సెలు. గోడ గడియారం. ఊళ్లో ఎవరికీ గడియారం లేని రోజుల్లో ‘పొద్దుటి బండి’, ‘రాత్రి బండి’ అన్నవే కాలమానం.

వీటిలో ఒక్కొక్కటి తొలగిపోవడమే స్టేషను క్షీణించడం. డీజిలు ఇంజను వచ్చింది, నీటి తొట్టితో పని లేకపోయింది. ఒకటి రెండు వ్యాగన్ల సరుకు తీసుకోవడం తగ్గించి రైల్వేవారు పూర్తి బండి సరుకు వైపు మొగ్గారు, పల్లె గోదాముకు తాళం పడింది. తంతి పోయింది. ఆధునిక సిగ్నళ్లు వచ్చాక, జంట లైన్లు పడ్డాక దాటింపు అవసరం తగ్గింది. చివరికి మిగిలింది టికెట్ల కిటికీ. అప్పుడు లెక్క కూడా ఆ కిటికీదే. రోజుకు ఎన్ని టికెట్లు? ఇంతకు తక్కువైతే మాస్టరును తీసివేసి కమీషను మీద టికెట్లు అమ్మే ఏజెంటుకు అప్పగిస్తారు. దానిని హాల్టు అంటారు. ఆపైన అదీ ఉండదు. 2021లో దక్షిణ మధ్య రైల్వే ఆదాయం చాలని పలు చిన్న స్టేషన్లను మూసివేసింది. రైల్వేవారిది దుర్మార్గమని నేను అనను. ఖర్చు ఎవరో భరించాలి. కాని కిటికీ దగ్గర లెక్కకు వచ్చేది స్టేషను చేసిన పనిలో ఒక్క భాగమేనన్నది నా అభ్యంతరం.

పూర్తిగా అదృశ్యమైన స్టేషను ఏమవుతుందో చెప్పడానికి మిమ్మల్ని కొంచెం దూరం తీసుకువెళ్లాలి. బీదరు నా మెట్టినిల్లు. నా పుట్టినిల్లు నాటి తూర్పు గోదావరిలో, రామచంద్రపురం ప్రాంతం. కాకినాడ రేవు నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న కోటిపల్లికి 1928లో రైలు మార్గం పడింది. సుమారు 45 కిలోమీటర్లు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, కోటిపల్లిలో సోమేశ్వరుడు. పుణ్యక్షేత్రాలు సరే, అసలు సంగతి వరి. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఆ సీమంతా పచ్చబడింది. ధాన్యం రేవుకు చేరాలి. కోటిపల్లి రేవులో పడవ ఎక్కితే అవతల ముక్తేశ్వరం, అంటే కోనసీమ. నదికి ఆ వైపు వారికి ఈ స్టేషనే లోకానికి ద్వారం.

ఆ ద్వారం పన్నెండేళ్ల ప్రాంతమే తెరిచి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధరంగాలలో పట్టాలు కావలసివచ్చి దేశంలో పలు శాఖా మార్గాలను పెరికి తరలించారు. 1940 ప్రాంతంలో కాకినాడ–కోటిపల్లి పట్టాలు కూడా ఆ విధంగానే వెళ్లిపోయాయి. ఎవరినీ అడగలేదు. అడిగే రోజులూ కావవి. యుద్ధం ముగిసింది, స్వాతంత్ర్యం వచ్చింది, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు.

నేను పుట్టేనాటికి అక్కడ రైలు పోయి ముప్ఫయ్యేళ్లు. అయినా మా అమ్మమ్మ ఊరికి దారి చెప్పేటప్పుడు ‘రైలు గట్టు దాటి’ అనేది. చుట్టూ వరి చేలు, నడుమ తిన్నగా పోయే మట్టిగట్టు. రైలు లేని గట్టుకు రైలు గట్టు అని పేరెందుకని అడిగితే, తాను చిన్నప్పుడు కాకినాడకు ఆ బండిలో వెళ్లిన సంగతి, టికెట్టు చేతిలో నలిగిపోతుందని వాళ్ల నాన్న తన కండువా కొంగున ముడివేసుకున్న సంగతి చెప్పేది. మా తరంలో దానిమీద సైకిళ్లు తొక్కాము, వడ్లు ఆరబోశారు. వర్షాకాలంలో చేలన్నీ మునిగినప్పుడు నడవడానికి మిగిలిన దారి అదే. రైలును మేము చూడలేదు. కాని అక్కడ రైలు ఉండాలని మాకు తెలుసు. ఈ మాటకు నేను చాలా విలువ ఇస్తాను.

అరవై ఏళ్ల పైచిలుకు గడిచాక ఆ మార్గాన్ని మళ్లీ వేశారు. 1998 నుంచి లోక్‌సభ స్పీకరుగా ఉన్న అమలాపురం సభ్యులు జి.ఎం.సి. బాలయోగి కోనసీమకు రైలు తేవాలని పట్టుబట్టారు. కోటిపల్లి నుంచి గోదావరి పాయలను దాటి నరసాపురం దాకా కొత్త మార్గానికి అనుమతి వచ్చింది కూడా ఆ కాలంలోనే. 2002 మార్చి 3న కైకలూరు సమీపంలో హెలికాప్టరు ప్రమాదంలో ఆయన మరణించారు. 2004లో కాకినాడ–కోటిపల్లి మార్గం తెరుచుకున్నప్పుడు చూడటానికి ఆయన లేరు. మా అమ్మమ్మా లేదు.

తిరిగి వచ్చిన రైలు మహావైభవంగా ఏమీ రాలేదు. ఒకే పెట్టెతో నడిచే రైలు బస్సు వచ్చింది. మధ్యలో గేట్లకు కావలివాళ్లు లేనిచోట బండి ఆపి, సిబ్బంది దిగి గేటు వేసి, బండి దాటాక మళ్లీ దిగి తీసేవారు. నవ్వుకున్నవారు ఉన్నారు. బస్సుకన్నా మెల్లగా పోతుందన్నారు. 2020లో కరోనా వచ్చి అదీ ఆగింది. కాబట్టి కోటిపల్లి స్టేషను నా ఎరుకలో రెండుసార్లు రైలు కోల్పోయింది. మొదటిసారి యుద్ధానికి, రెండవసారి వ్యాధికి.

ఈ కథలో నేను గమనించింది ఒకటి. మొదటిసారి పోయిన రైలును తిరిగి అడగడానికి ఆ సీమవారి వద్ద ఒక గట్టు ఉంది, ఆ గట్టుకొక పేరు ఉంది, ఆ పేరు పలికే అమ్మమ్మలు ఉన్నారు. ఏమి పోయిందో తెలిసినవారే అడగగలరు.

ఇంకొక ఊరివారు పోకముందే మేల్కొన్నారు. వరంగల్లు జిల్లా నెక్కొండ. నర్సంపేట నియోజకవర్గానికంతటికీ ఉన్న ఒకే స్టేషను అది. ఒక ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగడం టికెట్ల ఆదాయం మీద ఆధారపడి ఉందని తెలిసి, ఊరివారు వాట్సాప్ బృందంగా ఏర్పడి, చందాలు వేసుకుని, ప్రయాణం లేకపోయినా రోజూ టికెట్లు కొన్నారు. 2024 మొదట్లో పత్రికలలో ఈ వార్త చదివి మా ఉపాధ్యాయుల గదిలో పెద్ద చర్చ జరిగింది. ప్రయాణించని టికెట్టు కొనడం వ్యర్థమని మా లెక్కల మాస్టారి వాదన. కిటికీ లెక్క తప్ప మరొక లెక్క చూడనివారికి కిటికీ భాషలోనే జవాబు చెప్పారని నా వాదన. చర్చ తేలలేదు, గంట కొట్టారు.

మన బీదరుకు రైలు విషయంలో ఈ మధ్య మంచే జరిగింది. 2017 అక్టోబరు 29న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ బీదరు–కలబురగి మార్గాన్ని ప్రారంభించారు. హుమ్నాబాదు, కమలాపురం మీదుగా 110 కిలోమీటర్లు. మంజూరైన సుమారు ఇరవై ఏళ్లకు పూర్తి అయింది. హుమ్నాబాదు పిల్లలు తమ ఊళ్లో రైలును తొలిసారి చూసినది మన కాలంలోనే. కొత్త మార్గం మనలను కన్నడ సీమతో దగ్గర చేసింది, అది కావలసిందే. పాత మార్గం మనలను తెలుగు సీమతో కలిపింది, అది ఉండవలసిందే. రెండూ ఒకే ప్లాట్‌ఫారం మీదికి వస్తాయి.

తల్లిదండ్రులారా, మీలో కొందరు పెద్దపిల్లను ఇక్కడ చేర్చి చిన్నపిల్లవాణ్ణి ఇంగ్లీషు బడికి పంపారు. నేను తప్పుపట్టను, మీ కారణాలు నాకు తెలుసు. ఈ బడికి కూడా ఒక కిటికీ ఉంది. ఒకటవ తరగతిలో ఈ ఏడు ఎంతమంది అన్నదే ఆ కిటికీ లెక్క. ఆ లెక్కకు నేను ఏటా జూన్ నెలలో జవాబుదారీ వహిస్తాను, తప్పదు. కాని ఈ బడి చేసిన పని ఆ లెక్కలో లేదు. కోహీరు పాయింట్సుమన్ను కూతురు ఇక్కడ అక్షరాలు నేర్చి తన తండ్రికి వచ్చిన ఉత్తరాన్ని తానే చదివి వినిపించింది అంటే, అది ఏ కిటికీలో నమోదైంది? ఆ అమ్మాయి ఇప్పుడు మన మధ్య, రెండవ వరుసలో కూర్చుని ఉన్నారు. వారికి డెబ్బై దాటింది. నిన్న సాయంత్రం నాకు ఆ ఉత్తరం సంగతి చెప్పినది వారే.

అందుచేత పూర్వ విద్యార్థులకు నా మనవి. ఈ మూడు రోజులూ గ్రంథాలయం గదిలో ఒక బల్ల వేయించాము. తొమ్మిదవ తరగతి పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు అక్కడ ఉంటారు. మీరు ఏ స్టేషనులో బండి ఎక్కి ఈ బడికి వచ్చారు, ఆ స్టేషనులో మీకు గుర్తున్న మాస్టరు గది ఎట్లా ఉండేది, ఏ బండికి వచ్చి ఏ బండికి వెళ్లేవారు, టికెట్టు ఎంత, బండి ఆలస్యమైతే ఎక్కడ కూర్చునేవారు, అక్కడ ఏ భాష వినిపించేది? వారు అడిగినవన్నీ చెప్పండి. తారీఖులు గుర్తులేకపోతే చింత లేదు, ఏ తరగతిలో ఉండగానో చెప్పినా చాలు, పిల్లలు లెక్క కట్టుకుంటారు. పాత పాసు, టికెట్టు ముక్క, తండ్రిగారి రైల్వే గుర్తింపు బిళ్ల వంటివి ఉంటే తెచ్చి చూపండి. పిల్లలు వాటి బొమ్మ తీసుకుని మీ ఎదుటే మీకు తిరిగి ఇస్తారు.

పిల్లలు చేతివ్రాతతో నోటు పుస్తకంలో రాసుకుంటారు కనుక కొంచెం నిదానంగా మాట్లాడండి. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం బల్ల దగ్గర ఎవరూ ఉండరు, పిల్లలు కూడా తినాలి. వికారాబాదు బండికి వెళ్లవలసినవారు ముందుగా వచ్చి చెప్పి వెళ్లవచ్చు.

సెలవు.